రాజును వదలని చేయి

2013 వానాకాలం. అప్పుడు నాంపల్లిలోని ఒక దవాఖానలో ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌గా పనిచేస్తున్నాను. దెబ్బ తగిలి కోలుకున్న మనిషి తన పని మళ్లీ చేసుకోగలడా లేదా చూడటం మా వృత్తి. మందులు మా చేతిలో ఉండవు. చివర ‘ఫిట్’ అనో ‘అన్‌ఫిట్’ అనో రాసే మాట మాత్రం ఉంటుంది.

నర్సింలు అబిడ్స్ కాంప్లెక్సుల్లో లిఫ్టులు బాగుచేసే మెకానిక్. బండి మీంచి పడి నుదుటికి దెబ్బ తగిలింది. కొన్ని నెలల్లో నడక, మాట, జ్ఞాపకం అన్నీ తిరిగొచ్చాయి. భార్య యాదమ్మ ప్రతిసారీ తోడు వచ్చేది. కంపెనీ మా మాట కోసం ఆగింది. ఫిట్ అంటేనే ఉద్యోగం.

పనిలో మొదటి జాగ్రత్త ఏమిటని అడిగాను. తడుముకోకుండా చెప్పాడు: “మెయిన్ బంద్ చెయ్యాలె. ఫ్యూజు గుంజి జేబుల ఏసుకోవాలె. గప్పుడే లిఫ్టు గుంతల చెయ్యి పెట్టాలె.”

వినడానికి లోటేమీ లేదు. కానీ నుదుటి వెనకుండే మెదడు భాగానికి, ఫ్రంటల్ లోబ్‌కు దెబ్బ తగిలితే మాటను నమ్మి ఊరుకోకూడదు. పాత అలవాటును ఆపే పట్టు అక్కడే ఉంటుంది. దాన్ని చూడటానికి నేను ‘రాజ్’ అనే పేకాట ఆడించేవాణ్ణి. పందేనికి చింతగింజలు.

ఒక్కొక్కరికి ఏడు ముక్కలు. మొదట రెండు మూసి, ఒకటి తెరిచి పంచాలి. తర్వాత మూడు ఒక్కొక్కటిగా తెరిచి, ఏడోది మళ్లీ మూసి. ప్రతి విడతకూ పందెం కాయాలి, లేదా ప్యాక్ చేసి తప్పుకోవాలి. చివరికి ఏడింటిలోంచి అయిదు ఎంచుకుంటే, ఎవరివి చిన్నవైతే వాళ్లదే గెలుపు. ఎక్కా ఒకటి కింద లెక్క. ఎక్కా నుంచి అయిదు దాకా పడితే దాన్ని మించింది లేదు. వరస వచ్చినా, ఒకే రంగైనా నష్టం లేదు. జోడీ మాత్రం చెరుపు. రాజును పట్టుకుని కూర్చుంటే మునిగినట్టే.

“అంటే ముఫ్లిస్ అన్నట్టు,” అన్నాడు నర్సింలు. దీపావళికి మన దగ్గర తీన్ పత్తిని తిరగేసి, చిన్న ముక్కలు గెలిచేలా ఆడితే దాని పేరు అది. ముఫ్లిస్ అంటే ఉర్దూలో చేతిలో ఏమీ మిగలనివాడు.

పంచాను. తెరిచిన ముక్క రాజు. మూసినవి చూసుకుని మొహం వెలిగిపోగా గింజలు ముందుకు తోశాడు. ఆట ముగిశాక తిప్పిస్తే ఇంకో రాజు. ఏది గెలుస్తుందని అడిగితే, చిన్నదేనన్నాడు. మరి ఇవెందుకు పట్టుకున్నావన్నాను.

“ఆట పేరే రాజ్ అని పెట్టి, రాజును పారేయమంటరేంది సార్?”

ముగ్గురం నవ్వాం. తర్వాతి వారాల్లో ఆ నవ్వు పోయింది. నియమం ప్రతిసారీ సరిగ్గా చెప్పేవాడు. జోడీ కనబడగానే చేయి గింజల మీదికి పోయేది. మా భాషలో దీన్ని పర్సెవరేషన్ అంటాం. బుర్రకు తెలిసింది చేతిదాకా చేరదు.

దారి యాదమ్మే కనిపెట్టింది. పక్కన కూర్చుని, ముక్క పడగానే అతని మణికట్టు మీద వేలు పెట్టి “జర ఆగు” అనేది. అప్పుడతను మళ్లీ చూసుకుని ప్యాక్ చేసేవాడు. వరసగా సరిగ్గా ఆడాడు.

“నేను పక్కనుంటే మంచిగనే ఆడుతున్నడు గద సార్,” అంది. “ఫిట్ అని రాయుండ్రి.”

“లిఫ్టు గుంతలో పక్కన నువ్వుండవు కదమ్మా.”

“ఉంట. సంచి మోసుకుంట ఆయన ఎంబడే పోత.”

కంపెనీ ఒప్పుకోదని ఆమెకూ తెలుసు. నర్సింలు మా ఇద్దరి మొహాలూ చూశాడు. తన ముందున్న చింతగింజలన్నీ నెమ్మదిగా నావైపు తోసేశాడు.

“ముఫ్లిసే గెలుస్తడంటిరి గద సార్,” అన్నాడు. “గెలిచిన పో.”

అన్‌ఫిట్ అని రాశాను. ఆ రోజు డైరీలో ఇంకేమీ రాసుకోలేకపోయాను.

ఉద్యోగం పోయింది. అబిడ్స్‌లో ఒక కాంప్లెక్సు యజమాని జాలిపడి, అతను బాగుచేసిన లిఫ్టులోనే బటన్లు నొక్కే పనిచ్చి స్టూలేసి కూర్చోబెట్టాడు. యాదమ్మ అక్కడే ఊడ్చే పనికి కుదిరింది. కొత్త డైరీ కొనడానికి నేనా కాంప్లెక్సుకు వెళ్లిన రోజు, లిఫ్టు తలుపు సగం తెరుచుకుని బిగుసుకుపోయింది. నర్సింలు లేచాడు. చేయి సందులోకి పోతోంది. యాదమ్మ చీపురు పడేసి ఉరికొచ్చి రెండు మణికట్లూ పట్టుకుంది.

“మెయిన్ బంద్ చేసినవా?”

“చెయ్యాలె. ఫ్యూజు గుంజాలె,” అంటూనే ఉన్నాడు. చేతులు మాత్రం ఆమె పట్టులోంచి తలుపు వైపు గుంజుతున్నాయి.

నేను రాసింది సరైనదేనని అక్కడ కళ్లారా చూశాను. ఊరట కలగలేదు. ఆ కేసు తర్వాత రిటైరయ్యేదాకా ఎవరినీ ‘నీకు తెలుసా’ అని అడిగి వదిలిపెట్టలేదు. చేయించి, చేతులను చూశాను. ఆ చేతులను పట్టుకోవడానికి ఇంట్లో ఎవరున్నారో కూడా అడిగాను. ఆ ప్రశ్నకు మా కాగితంలో గడి లేదు.