వరసలో చెల్లి చోటు

మా ఆఖరి చెల్లెలు పోయింది. ఇక్కడే, జర్మనీలో, ఇంగోల్‌స్టాట్ ఆసుపత్రిలో, పొద్దున దీపం పెట్టే వేళకి. దాని చెయ్యి నా చేతిలోనే ఉంది. దేవుడు ఆ మాత్రం దయ చూశాడు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇలా రాస్తున్నాను.

ఇక్కడి తెలుగువాళ్ళకి అది కార్ల కంపెనీ ఇంజినీరుగా తెలుసు. మంగళవారం సాయంత్రాలు చర్చి పక్క హాల్లో స్కాట్లాండు నాట్యం చేసేదని కొద్దిమందికే తెలుసు. ఆడవాళ్ళొక వరస, మగవాళ్ళొక వరస, ఎదురెదురుగా. అకార్డియన్, వయొలిన్ కలిసి ముందొక్క స్వరం పలుకుతాయి. అప్పుడు ఎదుటివారికి వంగి నమస్కరించాలి. ఆ తర్వాతే అడుగు.

జబ్బని తెలిసి నేను వచ్చాక, వంటింట్లో కుక్కర్ కూత వేసేలోగా నాకు అడుగులు చూపించేది. చిన్న గెంతు, కుడికాలు ముందుకి, ఎడమకాలు దాని వెనక్కి చేర్చడం, మళ్ళీ కుడికాలు.

"పరాయి మగాళ్ళ చేతులు పట్టుకుని ఈ గెంతులేంటే?" అన్నాను.

"మన కోలాటంలో కర్రలు కొట్టుకుంటారు, వీళ్ళు చేతులిచ్చుకుంటారు. ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడాలక్కా, అది రూలు. నువ్వైతే నేలచూపులు చూసి అందర్నీ గుద్దేస్తావ్."

ఇంకో మాట తరచు అనేది. "తప్పిపోతే వెనక్కి వెతుక్కోకూడదు. తర్వాత ఎక్కడుండాలో అక్కడికెళ్ళి నిలబడు. పాటే వచ్చి కలుపుకుంటుంది."

ఒకరోజు చెప్పింది, "కీమోకి టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, మంగళవారం ఇచ్చారు. మార్పించేశా."

"దేన్నే, డాన్సునా?"

"ఛ, కీమోనే."

తిట్టబోయాను. నవ్వొచ్చింది.

ఆ నాట్యంలో ఒక్కొక్క జంటే వరస పైకొసకు వస్తుంది. అక్కడున్నవాళ్ళే పాటని నడిపి, కిందికి దిగుతారు. తర్వాతి జంట పైకి జరుగుతుంది. "ఇంకొక్కసారి పైకి చేరితే చాలక్కా," అనేది. ఓ మంగళవారం నేనూ వెంట వెళ్ళాను. అది గెంతలేదని నాట్యం నేర్పే టీచరమ్మ నెమ్మది పాట పెట్టింది. ముందు ఒక్క జంటే ఉందనగా దాని కాళ్ళు వణికాయి. దాని జోడీ, రిటైరైన జర్మన్ పెద్దాయన, కుర్చీ దాకా నడిపించుకొచ్చాడు.

"వచ్చే వారంలే," అంది నాతో. వచ్చే వారానికి ఆసుపత్రిలో ఉంది.

దినాలయ్యాక టీచరమ్మ నన్ను హాలుకి రమ్మంది. అదే నెమ్మది పాట. వరసలో దాని చోటు అలాగే వదిలేశారు. మనిషి తక్కువైతే వీళ్ళు చోటు మూసెయ్యరట. ఉన్నట్టే ఆడతారట. స్వరం పలికింది. పెద్దాయన ఆ ఖాళీకే వంగాడు.

పై జంట దిగింది. తర్వాతి జంటా దిగింది. ఆ ఖాళీ మెల్లగా పైకి చేరింది.

పెద్దాయన పొడగరి. మా చెల్లి పొట్టిది. ఆయన చెయ్యి బాగా కిందికి దించి, వేళ్ళు సగం ముడిచి, రెండు వరసల మధ్య నుంచి దాన్ని నడిపించుకు వెళ్ళాడు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే కాస్త వెనక్కి జరిగి దారిచ్చారు. అది దాటేదాకా ఆగి, మళ్ళీ వరసలోకి వచ్చారు.