మొలతాడుకు కట్టిన తాళంచెవి

షినాస్ నుంచి మస్కట్ వచ్చే బస్సులో నా పక్కన ఒక డ్రైవర్ కూర్చున్నాడు. మాట జగిత్యాల వైపుది. మాటిమాటికీ చొక్కా కింద మొలతాడు తడుముకుంటున్నాడు. దానికి కారు తాళంచెవి కట్టి ఉంది.

“పోతదని భయపడి గిట్ల కట్టుకున్న అన్నా. మొన్న గట్లనే సముద్రంల మునిగిన. ఉప్పునీళ్లు లోపటికి పొయి ఖరాబైంది. బండి స్టార్ట్ అయితలేదు.”

“బయట షాపులో ఇంకోటి చేయించుకోవచ్చుగా?” అన్నాను.

“చేయించిన. డోర్ తెరుస్తది, ఇంజన్ ఒప్పుకోదు. ఇంజన్ గుర్తుపట్టే కోడ్ షోరూమోళ్ల కంప్యూటర్లనే ఉంటదట. ఆళ్లు తాళంచెవి ఒక్కటే ఇయ్యరట, ఆ కోడ్ సదివే బండి లోపటి డబ్బా సుత మార్చాలన్నరు. బండి మా సేటుది, గా అర్బాబ్ ఖర్చంత నా జీతంలకెల్లి కోస్తడు.”

వచ్చే నెల ఇంటికి వెళ్లాల్సినవాడు. ఆ ప్రయాణం ఆగిపోయింది. తను ఇక్కడికి వచ్చాక పుట్టిన కూతుర్ని ఇంకా ఎత్తుకోలేదట.

నాకు ఒళ్లు మండింది. “పాడైపోయిందిగా, ఇంకా ఎందుకది? తీసి పారెయ్.”

“అమ్మో! పాతది ఆళ్లకు అప్పజెప్పాలె. పోతే దానికి గూడ కోస్తరు.”

దిగేముందు మళ్లీ నడుము తడిమి చూసుకున్నాడు.