దూది ఇంటికి సంబంధం చూడబోయిన హులిగమ్మ

ఎమ్మిగనూరు చుట్టుపక్కల పల్లెల్లో పిల్లనివ్వాలన్నా, పిల్లను తెచ్చుకోవాలన్నా, జాతకాలు తీయకముందే హులిగమ్మకు కబురు పోయేది. ఆమె సంబంధాలు తెచ్చేది కాదు, కుదిర్చేదీ కాదు. ఎవరో తెచ్చిన సంబంధాన్ని చూసివచ్చేది, అంతే. మొగుడు పోయాక అన్న నాగన్న ఇంటికి చేరి, వాన పడిన ఏడు సొంత చేలోనూ పడని ఏడు పరాయి చేలోనూ పనిచేసుకునే మనిషి. అయినా ఆమె చూసివచ్చి తల ఊపితే పెళ్ళి, పెదవి విరిస్తే లేదు.

ఆమె చూసే తీరే వేరు. చెప్పి పోదు. వీధి వాకిట్లోంచి పోదు. పెరటి దారిన వెళ్ళి, ముందు ఎద్దుల కొట్టం దగ్గర ఆగుతుంది. ఎద్దు మెడ తడిమి, కాడి కింద పుండు ఉందేమో చూస్తుంది. పుండు ఉండి మందు లేకపోతే అక్కణ్ణించే వెనక్కి. కన్యాదానం గురించి శాస్త్రాలు పుటలు పుటలు రాశాయి గానీ, ఇన్ని దేశాలు తిరిగి ఎన్ని గ్రంథాలు తిరగేసినా ఎద్దు మెడ సంగతి రాసిన మహానుభావుడు ఒక్కడూ కనబడడు. కొట్టం అయ్యాక వంటిల్లు. అక్కడ ఆ ఇంటి కోడల్ని పట్టుకుని, ఏం కొరతమ్మా నీకు, అని అడుగుతుంది. ఏమీ లేదని తల దించుకుంటే అనుమానిస్తుంది. మా అత్త పిసినారి, మా మామ గురక పెడతాడు అని గడగడా చెబితే సంతోషిస్తుంది. నోరు తెరవడానికి భయంలేని ఇల్లన్నమాట.

ఆమెకు ఇంకో కట్టడి ఉండేది. అది ఆమె పెట్టింది కాదు, వాళ్ళవాళ్ళలో పాతనుంచీ ఉన్నదే. చూడబోయిన ఇంట మజ్జిగ తాగొచ్చు, మెతుకు ముట్టకూడదు. ముట్టితే మాట ఇచ్చినట్టే. ఇక వెనక్కి తీసుకోవడం ఉండదు. అందుకని హులిగమ్మ ఏ ఊరికి పోయినా కడుపునిండా తినే బయల్దేరేది.

ఇన్ని పెళ్ళిళ్ళు చూసిన మనిషి, అన్నకు మాత్రం పెళ్ళి కానివ్వలేదు. కావాలని కాదు. నాగన్న కోసం చూసిన ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకటి కనబడింది. పత్తికొండ దగ్గర ఒక ఇంట గేదెకు ఈగలు, గూడూరులో ఒక ఇంట కోడలు తల దించుకుంది. అన్న కదా, పరాయివాళ్ళకు చూసినట్టు చూడలేకపోయింది. నాగన్న ఆదోని మార్కెట్టుకు పత్తి బండి తోలుతూ, ఎద్దులతో మాట్లాడుకుంటూ, చెల్లెల్ని ఎగతాళి చేసుకుంటూ ముసలివాడయ్యాడు. పెళ్ళాం లేని లోటు ఏమోగానీ నవ్వుకు లోటు లేదు ఆ ఇంట.

పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో, పత్తి చేలు పూత మీదున్న రోజుల్లో, నాగన్న కడుపులో గడ్డ బయటపడింది. కర్నూలు పెద్దాసుపత్రిలో కోసి చూసి, మళ్ళీ కుట్టి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఇంటికి తెచ్చాక అసలు కష్టం మొదలైంది. నొప్పి వచ్చినప్పుడు ఆ నవ్వే మనిషి నులక మంచం పట్టె కొరికేవాడు. పక్కకు తిప్పుదామంటే హులిగమ్మ మోకాళ్ళు సహకరించేవి కావు. వీపున ఒకచోట చర్మం ఎర్రబడుతుండటం ఆమె చూసింది. ఎద్దుకైతే ఏం చెయ్యాలో తెలుసు. అన్నకు ఏం చెయ్యాలో తెలియలేదు.

అప్పుడు ఎమ్మిగనూరు-ఆదోని బస్సు కండక్టరు బసప్ప దూది ఇంటి మాట చెప్పాడు. ఆదోనిలో రైలు పట్టాల అవతల ఒక పాత పత్తి గోదాము. దాని యజమాని తల్లి చాలాకాలం తీసుకుని తీసుకుని పోయిందట. ఆ బాధ చూసిన ఆయన, ఆసుపత్రులు చేతులెత్తేసిన వాళ్ళ కోసమని గోదాము ఖాళీ చేసి ఇచ్చేశాడట. కాంపౌండరుగా చేసి దిగిపోయిన యేసేపు అనే ఆయన దాన్ని నడుపుతున్నాడు. వారానికోసారి ఒక డాక్టరు వచ్చి మందులు రాసిపోతాడు. అప్పట్లో ఆ వైపు అలాంటిది విన్నవాళ్ళు లేరు. ఆసుపత్రి అంటే బాగుపడి రావడానికి. సత్రమంటే రాత్రి పడుకుని పొద్దున పోవడానికి. బాగుచేయలేమని ముందే చెప్పి మరీ చేర్చుకునే ఇల్లేమిటి?

ఊరు ఊరంతా తలా ఒకటి అన్నది. సూది వేసి చప్పున పంపించేస్తారని ఒకరు, అన్నం పెట్టరని ఒకరు. పక్కింటి సుబ్బన్న మాత్రం కొట్టిపారేయలేని మాట అన్నాడు.

"ఆడికి పోయినోడు ఒగడన్నా తిరిగొచ్చి, బాగుండాది అని సెప్పినాడా, హులిగమ్మా? యాడ కనుక్కుంటావు?"

నిజమే. కాపురానికి పోయిన పిల్ల పండక్కి పుట్టింటికి వచ్చి చెబుతుంది. ఈ ఇంటినుంచి ఎవరూ రారు. మంచో చెడో ఆమె ఒక్కతే చూసి తేల్చాలి, పొరపాటైతే దిద్దుకునేందుకు అన్నకు వ్యవధి లేదు.

మంచంలోంచి నాగన్న అందుకున్నాడు. "పోయి సూసి రామ్మే. నా పెండ్లి సంబంధాలన్నీ సెడగొట్టినావు. ఈ కడాకరి సంబంధమన్నా కుదుర్చు."

ఆయన నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు. తనకు పెదవి విరవడమే వచ్చుననీ, అన్న విషయంలో తల ఊపడం ఎప్పుడూ రాలేదనీ ఆమెకు తెలుసు. ఈసారి కూడా ఏదో ఒక వంక కనబడుతుంది. వంక పెట్టి వెనక్కి వస్తే, మంచం పట్టె కొరికేది అన్నే.

మర్నాడు సద్దన్నం గట్టిగా తిని బస్సెక్కింది. ఆదోనిలో దిగి, పట్టాలు దాటి, అలవాటు చొప్పున దూది ఇంటి పెరటి దారి వెతుక్కుంది. పెరట్లో పెద్ద అండాలో దుప్పట్లు ఉడుకుతున్నాయి. బొద్దుగా ఉన్న ఒక ఆడమనిషి వాటిని కర్రతో తిప్పుతూ, ఈమెను చూడగానే, కొత్తగా పనికి వచ్చిందనుకుని కర్ర చేతికిచ్చి లోపలికి పోయింది. ఆమె సుంకమ్మ, అక్కడి వంటమనిషి. హులిగమ్మ కాదనకుండా తిప్పుతూ నిలబడి, ఆరేసిన దుప్పట్లు ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. ఎండ వాసన తప్ప ఏమీ రాలేదు. కొంచెం నిరాశపడింది.

యేసేపు వచ్చి సంగతి కనుక్కుని, పొట్టచెక్కలయ్యేట్టు నవ్వి, లోపలికి పిలిచాడు. సన్నగా పొడుగ్గా ఉన్న మనిషి, చంకలో ఎప్పుడూ ఒక తువ్వాలు. హులిగమ్మ అరుగు మీద కూర్చుని, మగపెళ్ళివారిని అడిగినట్టే అడగడం మొదలుపెట్టింది.

"మీ ఇంట్ల ఎవరి మాట నడుస్తాది, అప్పా?"

యేసేపు ఆలోచించి చెప్పాడు. "ఆ పొద్దు ఎవరికి నొప్పి ఎక్కువుంటే వాళ్ళ మాటమ్మా."

"నొప్పికి ఏం సేస్తారు?"

"అది వచ్చినాంక పరిగెత్తము. వచ్చే దావలోనే ముందుపోయి కూసుంటాము. గడియారం సూసి, అది లేసేలోపే మందు పోస్తాము."

హులిగమ్మ ఈ మాటను కాసేపు మనసులో తిప్పుకుంది. బాగానే ఉంది. కానీ మాటలు బాగా చెప్పే మగపెళ్ళివారిని ఎందరిని చూడలేదు? కొట్టం లేని ఇంట్లో ఎద్దు మెడ ఏదీ? అటూ ఇటూ చూసి, అందరికంటే ఎక్కువ కాలంగా మంచం మీదున్న వాణ్ణి చూపించమంది.

ఆయన భీమసేనరావు. మాధవరంలో బడిపంతులుగా చేసినవాడు. నడుము కింద కదలిక పోయి, వానలకు ముందునుంచీ అక్కడే ఉన్నాడు. మడి మాట ఏమైందని ఎవరైనా అడిగితే, దాన్ని మాధవరంలో బస్సెక్కించడం మరిచిపోయానని చెప్పేవాడు. హులిగమ్మ దణ్ణం పెట్టి, ఏ మొహమాటం లేకుండా అడిగింది.

"సామీ, కొంచెం పక్కకు తిరిగితే మీ వీపు సూస్తాను."

పంతులు నివ్వెరపోయాడు. "వీపా? మా అమ్మ తరవాత నా వీపు చూస్తానన్నది నువ్వేనమ్మా. ఎమ్మిగనూరు జాతరలో ఎద్దును కొనేదానివా ఏం?"

అయినా యేసేపు చెయ్యివేసి తిప్పగా తిరిగాడు. ఇన్ని నెలలు పడుకున్న వీపు మీద ఒక్క పుండు లేదు. నడుము దగ్గర, మడమల దగ్గర కూడా చూసింది. కొబ్బరినూనె రాసిన నున్నటి చర్మం. హులిగమ్మ అరచేత్తో ఒకసారి తడిమింది. ఈడ ఏం కొరత సామీ, అని అడిగింది. అంతే, ఆయనకు పట్టపగ్గాల్లేకుండా పోయాయి. చారులో ఉప్పు తక్కువ, సుంకమ్మ పాటలో శ్రుతి తక్కువ, యేసేపు తువ్వాలు దులిపితే తుమ్ములు, వాసాల మధ్య మిగిలిపోయిన దూది పింజెలు గాలి వీస్తే అన్నంలో పడతాయి, పులిజూదం ఆడదామంటే పక్క మంచాయన మేకల్ని దొంగిలిస్తాడు. చెబుతున్నంతసేపూ ఆ ముఖం వెలిగిపోతోంది. పక్క మంచాయన లేచి కూర్చుని ఎదురు చాడీలు చెప్పాడు.

ఇంకేం కావాలి? తల ఊపాలి. హులిగమ్మ మెడ కదలలేదు. ఎన్నేళ్ళ అలవాటు! వంక కోసం వంటింట్లోకి వెళ్ళింది. సుంకమ్మ బొరుగులతో చేసిన ఉగ్గాని పళ్ళెంలో పెట్టి ఇచ్చింది. ఆకలి లేదని పక్కకు నెట్టింది. అప్పుడు కనబడింది ఆమెకు, వెతుకుతున్న వంక. పొయ్యి పక్కన జొన్నరొట్టెలు, అంచులు పగిలి, అట్టముక్కల్లా.

జొన్నరొట్టె చెయ్యడం మాటలు కాదు. తుంగభద్రకు అటు కన్నడంలోనూ ఇటు తెలుగులోనూ అది అత్తాకోడళ్ళను విడదీసిన వస్తువు. పిండికి వేణ్ణీళ్ళు సరిగ్గా పట్టకపోతే దేవుడు దిగివచ్చి తట్టినా అంచు పగులుతుంది.

"పండ్లు లేనోళ్ళకు ఈ రొట్టె యెట్లబ్బా పెడతారు?" అంది హులిగమ్మ, ప్రాణం లేచొచ్చినట్టయి.

"నాకు రాదక్కా. మా అమ్మ నేర్పకనే పోయింది. పాలల్ల నానబెట్టి పెడతాండా," అంది సుంకమ్మ, ఏమాత్రం దాచకుండా.

ఇంక మాట్లాడేదేముంది? హులిగమ్మ కొంగు దోపి, పొయ్యి ముందు కూర్చుని, వేణ్ణీళ్ళు పోసి పిండి పిసికింది. అరచేతుల చప్పుడు గోదామంతా వినిపించింది. పెనం మీద రొట్టె పొంగింది. తీసి, అందరు వంటవాళ్ళూ చేసే పనే చేసింది. అంచు తుంచి నోట్లో వేసుకుని నమిలింది.

సుంకమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. ఆమెదీ అదే వైపు, ఆ కట్టడి తెలిసిన మనిషే.

"అక్కా. మెతుకు ముట్టినావు."

హులిగమ్మ దవడ ఆగిపోయింది. మింగాలో ఉమ్మాలో తెలియలేదు. ఇన్నేళ్ళలో ఇన్ని ఇళ్ళ గడపలు దాటినా జరగని పొరపాటు. నోట్లో రొట్టె మెత్తగా, తియ్యగా ఉంది. లోపలి మంచాలనుంచి, ఎవరే ఆ రొట్టె తట్టేది, మాకు పెట్టండి అని కేకలు. ఆమె మింగేసింది. మింగాక, ఎందుకో తెలియకుండా నవ్వడం మొదలుపెట్టి, ఏడుపు వచ్చేదాకా నవ్వింది.

"మింగినాను గదే. మా అన్నను ఇచ్చినట్టే. ఇంగ నువ్వు సరిగ్గ సూసుకోకపోతివో!"

ముహూర్తం భీమసేనరావే పెట్టాడు, పడుకునే, నోటి లెక్కల మీద. గురువారం, పొద్దెక్కక ముందు.

నాగన్న బస్సు ఒప్పుకోలేదు. పెళ్ళికొడుకు సొంత బండి మీదే వస్తాడన్నాడు. వరిగడ్డి పరిచి, పైన బొంతలు వేసి, సుబ్బన్న చేత బండి తోలించారు. ఎద్దులు ఎవరూ చెప్పకుండానే నెమ్మదిగా నడిచాయి. గోదాము కనబడగానే నాగన్న మోచేతి మీద లేచాడు. వయసులో ఉండగా ఎన్నో పత్తి బోరాలు దించిన చోటు అది.

"నేను తోలిన దూది ఇంగా ఆడ ఏలాడతాంది సూడు," అన్నాడు వాసాలకేసి చూస్తూ. "ఇంతకాలం దాసిపెట్టినారు నా కోసం."

యేసేపు మందు గడియారం ప్రకారం నడిచింది. నొప్పి పూర్తిగా పోలేదు గానీ, మంచం పట్టె కొరికించే పొగరు దానికి పోయింది. రెండు రోజుల్లో నాగన్న, భీమసేనరావు మంచాలు పక్కపక్కకు చేరాయి. నడుమ పీట మీద సుద్దముక్కతో పులిజూదం గీత. పంతులు పులులు, నాగన్న మేకలు. బండివాడు మేకల్ని నడిపినట్టు ప్రపంచంలో ఎవరూ నడపలేరని పంతులే ఒప్పుకుని, మరునిమిషమే దొంగాట అని తిట్టేవాడు. ఆ చలికాలమంతా ఆ గోదాములో నవ్వులు పట్టాల ఇవతలికి వినబడ్డాయని గ్యాంగ్‌మన్‌లు చెప్పుకునేవాళ్ళు.

హులిగమ్మ సంతరోజు సంతరోజూ వచ్చేది, పెరటి దారినే, చెప్పకుండానే. ముందు అన్న వీపు, తరవాతే పలకరింపు. ఎర్రబడ్డ చోటు మానింది. నాగన్న ఒకటే చాడీలు. ఉప్పు, పాట, తుమ్ములు. బస్సులో వెనక్కి వస్తూ ఆమె ఆ చాడీలన్నీ బసప్పకు అప్పజెప్పి మురిసిపోయేది. ఒకనాడు నాగన్న విసుక్కున్నాడు కూడా.

"ఇచ్చిన ఇంటికి ఇన్నితూర్లు వస్తారామ్మే? మాకు మర్యాద గాదు."

మాకు అన్నాడు. ఆ మాటను హులిగమ్మ ఎమ్మిగనూరు దాకా చప్పరిస్తూ వచ్చింది.

శివరాత్రి దగ్గరపడగా, ఒక మధ్యాహ్నం, తన మేకలతో పంతులు పులిని నలువైపులా కట్టేసి, కదులు సామీ చూద్దాం అని నవ్వి, నాగన్న కళ్ళు మూసుకున్నాడు. ఇక తెరవలేదు. కబురంది హులిగమ్మ వచ్చి, తానే నీళ్ళు పోసింది. వీపు తిప్పినప్పుడు చెయ్యి ఆపి, పైనుంచి కిందిదాకా నిదానంగా చూసింది. ఎక్కడా గీత లేదు. తల ఊపింది. చూస్తున్న యేసేపుకు అది ఎందుకో అర్థమై, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

దినాలు అయిపోయాక, సంతరోజు, ఆమె కాళ్ళు వాటంతటవే బస్సెక్కాయి. పెరట్లో దుప్పట్లు ఉడుకుతున్నాయి. సుంకమ్మ ఏమీ అడక్కుండా పొయ్యి ముందు పీట వేసింది. హులిగమ్మ కూర్చుని పిండి కలిపి, మొదటి రొట్టె తుంచి తాను తిని, రెండోది సుంకమ్మ చేత తట్టించింది. అంచు కొంచెమే పగిలింది.

లోపల్నుంచి భీమసేనరావు గొంతు. "ఆ చప్పుడు హులిగమ్మదేనా? రొట్టె తరవాత. ముందు వచ్చి నా వీపు చూసి పోమ్మా. చూసేవాళ్ళు లేక బెంగపడింది."