ప్రభుదాస్ సార్ చిన్నక్షరాలు

నిన్న మధ్యాహ్నం కంప్యూటర్ స్పీకర్లో ఒక పాట మొదలైంది. రెండో వరుసకు వచ్చేసరికి ఆపేశాను. ఏడవాల్సిన పాట పళ్ళికిలిస్తోంది. హుజూరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం చేసే డేవిడ్ అక్కడి చర్చి పాత పాటల పుస్తకాన్ని మళ్ళీ అచ్చు వేయిద్దామని, పాత ఫైళ్ళను కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఇంపోర్ట్ చేసి నాకు పంపాడు. తెర మీద చూస్తే స్వరాలన్నీ ముత్యాల్లా ఉన్నాయి. వాటి పైన ఉండే కార్డ్ గుర్తుల్లోనే తేడా వచ్చింది. మైనర్ అని చెప్పడానికి అక్షరం పక్కన ఉండే చిన్న గుర్తు ఎక్కడా లేదు, మొత్తం ఎగిరిపోయింది. సంగీతం తెలియని వాళ్ళకు ఒక్క మాట చెప్పాలి. మూడు నాలుగు స్వరాలను కలిపి ఒక్కసారే మోగిస్తే అది కార్డ్. పాట కింద పరిచిన చాప లాంటిది. మేజర్ అయితే వెలుగ్గా వినిపిస్తుంది, మైనర్ అయితే మబ్బు పట్టినట్టుంటుంది. చాప మారితే పాట మారిపోతుంది. ఈ సంగతి నాకు ఇద్దరు మనుషుల వల్ల తెలిసింది. ఇద్దరూ ఇప్పుడు కరీంనగర్ సమాధుల తోటలో పక్కపక్కన ఉన్నారు.

మాది మరమగ్గం నడుపుకునే ఇల్లు. మా వాడకట్టు వెనకే చర్చి. సాయంత్రం బాపు, అంటే మా నాన్న, మగ్గం ఆపగానే గోడ అవతలి నుంచి హార్మోనియం వినిపించేది. ఒకరోజు గోడ మీదికి ఎక్కి తొంగి చూస్తుంటే, తెల్ల చొక్కా వేసుకున్న సన్నటి పెద్దమనిషి తలెత్తి, "గోడ ఎందుకెక్కినవ్ బిడ్డా, దర్వాజ తెరిచే ఉన్నది గద" అన్నాడు. ఆయనే ప్రభుదాస్ సార్. బడిలో లెక్కలు చెప్పేవారు, చర్చిలో పాటల బృందాన్ని, అంటే క్వాయర్‌ను, నడిపేవారు. నన్ను ఏనాడూ ప్రార్థనకు కూర్చోమనలేదు. వేళ్ళు సరిగ్గా పెట్టమనేవారు, అంతే. వాళ్ళావిడ సుగుణమ్మ గారు చిన్నపిల్లల బడిలో టీచరు. మేమందరం టీచరమ్మా అని పిలిచేవాళ్ళం. నేను వెళ్ళినప్పుడల్లా గ్లాసెడు మజ్జిగ పోసి, "మీ అవ్వకు చెప్పే వచ్చినవా?" అని మా అమ్మ గురించి తప్పకుండా అడిగేది.

సార్ దగ్గర లావుపాటి నోటుబుక్కులు ఉండేవి. పాట మాటలు నల్ల సిరాతో, వాటి పైన కార్డ్ గుర్తులు ఎర్ర సిరాతో రాసేవారు. అందరిలా మైనర్‌కు పక్కన గుర్తు పెట్టేవారు కాదు. తన చిన్నప్పుడు హార్మోనియం నేర్పిన మిషన్ దొరసాని పద్ధతి ఆయనది. ఇంగ్లిషు పెద్దక్షరం రాస్తే మేజర్, చిన్నక్షరం రాస్తే మైనర్. "సంతోషం పెద్దగ కనవడాలె, దుఃఖం చిన్నగనే ఉండాలె" అని ఒకసారి నవ్వారు. ఆయన నవ్వగా చూసిన సందర్భాలు తక్కువ గనుక ఆ మాట నాకు అలాగే ఉండిపోయింది.

క్వాయర్‌లో ఆయనది ఒకటే కట్టుబాటు. కాగితం మీద ఏముందో అదే వాయించాలి. ఒకసారి సాధనలో నేను ఒక కార్డ్ మార్చాను. నా చెవికి అదే బాగుంది. సార్ చెయ్యెత్తి అందరినీ ఆపేశారు. "మార్చినవా?"

"బాగుంటదని సార్."

"నీ చెవి మంచిదే బిడ్డా. పక్కన గిటార్ వట్టుకున్నోనికి నీ చెవి ఇయ్యలేవు గద. తప్పుందనిపిస్తే పాట అయినంక నాతోని చెప్పు. పాట నడుస్తుంటె మాత్రం కాగితమే."

ఇరవై ఏళ్ళు ఆ కట్టుబాటు మీదే క్వాయర్ నడిచింది. పిల్లలు మారారు, హార్మోనియం పోయి కీబోర్డ్ వచ్చింది, ఆ మాట మాత్రం మారలేదు. కాగితంలో తప్పు ఉండదని అందరికీ నమ్మకం, ఎందుకంటే కాగితం రాసేది సార్.

తొంభైల చివర్లో నేను బస్టాండు దగ్గర ఒక డీటీపీ సెంటర్లో పనికి చేరాను. క్వాయర్‌కు వెళ్ళడం మానేశాను. అప్పుడే సార్ తన నోటుబుక్కులన్నీ ఒక పుస్తకంగా వేయాలనుకున్నారు. హుజూరాబాద్, హుస్నాబాద్ చర్చిల వాళ్ళు కూడా అడుగుతున్నారు. పని నాకే ఇచ్చారు. ఇంకెవరికైనా ఇస్తే నేను అలిగేదాన్ని. మాటలు, కార్డ్‌లు ఒక సాఫ్ట్‌వేర్‌లో నెలల తరబడి టైపు చేశాను. పెద్దక్షరం పెద్దగా, చిన్నక్షరం చిన్నగా, ఒక్కటి కూడా తప్పకుండా. అందులో స్వరాల గీతలు రావు. అందుకని మా ఓనరు హైదరాబాద్ నుంచి స్వరాలు రాసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఫ్లాపీల్లో తెప్పించాడు. నా ఫైళ్ళను దానిలోకి ఇంపోర్ట్ చేసి స్వరాలు ఎక్కించాక పేజీలు పెళ్ళి పత్రికల్లా వచ్చాయి. చూసి మురిసిపోయాను.

"అచ్చుకిచ్చే ముందట ప్రతి పాట ఒక్కసారి వాయించి చూడు. కండ్లతోని చూస్తె సాలదు" అని సార్ ముందే చెప్పారు. శనివారం మొదలుపెట్టాను. మొదటి పది పాటలు క్రిస్మస్ పాటలు, వాటిలో చిన్నక్షరాలే లేవు. అన్నీ సరిగ్గా పలికాయి. ఇంతలో అవ్వ వచ్చి కొండగట్టు అంజన్న గుడికి బయల్దేరమంది. బాపుకు దగ్గు తగ్గాలని మొక్కుకుంది, ఆ మొక్కు తీర్చాలి. ప్రెస్సు వాళ్ళకు సోమవారం పొద్దున ఇవ్వాలి. పది సరిగ్గా ఉంటే మిగిలినవి మాత్రం ఎందుకు పాడవుతాయని నాకు నేనే చెప్పుకున్నాను. అవ్వతో బస్సెక్కాను.

సోమవారం కాగితాలు పట్టుకుని ముందు సార్ ఇంటికి వెళ్ళాను. టీచరమ్మ మంచం పట్టి అప్పటికే రెండు నెలలు. నన్ను చూసి, "నా పాట ఏ పేజీల వచ్చింది బిడ్డా?" అంది. వాళ్ళకు పెళ్ళయిన కొత్తలో పుట్టిన పసిబిడ్డ పోయినప్పుడు సార్ కట్టిన పాట అది. పాటంతా చిన్నక్షరాలే, చివరి మాట మీద మాత్రం ఒక్క పెద్దక్షరం. పేజీ తీసి ఆమె చేతికిచ్చాను. ఆమెకు చూపు ఆనడం లేదు, వేలితో తడుముకుంది. "నన్ను తీస్కపోయే దినం గీ పాటనే పాడుండ్రి. ఇంకోటేదీ వద్దు."

సార్ ఆ మాట విననట్టు నా వైపు తిరిగారు. "అన్ని వాయించి చూసినవా?"

"చూసిన సార్" అన్నాను.

ఆయన తల ఊపారు. ఇంకోసారి అడగలేదు. అడిగి ఉంటే నిజం చెప్పేదాన్నేమో అని చాలా ఏళ్ళు అనుకున్నాను. చెప్పేదాన్ని కాదు.

పుస్తకాలు వచ్చిన పన్నెండో రోజు టీచరమ్మ పోయింది. చర్చి కిక్కిరిసి ఉంది. శవపెట్టె పక్కన సార్ నిలబడ్డారు, నేను వెనక గోడకు ఆనుకుని ఉన్నాను. కీబోర్డ్ దగ్గర క్వాయర్ కుర్రాడు స్టీఫెన్, అటూ ఇటూ రెండు గిటార్లు. ముగ్గురి ముందూ కొత్త పుస్తకం. సార్ వాళ్ళకు చెప్పింది ఒక్కటే, ఆమె పాట వాయించమని. మొదటి కార్డ్ మోగింది. అది మేజర్. రెండోదీ మేజరే. జనం తమకు తెలిసిన రాగంలో ఏడుస్తూ పాడుతున్నారు, కింద వాద్యాలు పండగ చేస్తున్నాయి. స్టీఫెన్ పుస్తకం మీదికి వంగి మళ్ళీ చూశాడు. వాడికీ తెలుస్తోంది. గిటార్ల వాళ్ళకూ తెలుస్తోంది. కానీ ముగ్గురూ కాగితం వదల్లేదు. పాట నడుస్తుంటే కాగితమే అని నేర్పిన మనిషి ఎదురుగా నిలబడి ఉన్నాడు కదా. సార్ చెయ్యి ఒక్కసారి కొంచెం పైకి లేచింది. మళ్ళీ దిగిపోయింది. ఆరు చరణాలూ అలాగే నడిచాయి. చివరి మాట మీది ఆ ఒక్క పెద్దక్షరం వచ్చిందో లేదో కూడా ఎవరికీ తెలియలేదు. అప్పటిదాకా అన్నీ అవే కదా.

సెంటరుకు పరిగెత్తి ఫైళ్ళు తెరిచాను. నేను టైపు చేసినవి సరిగ్గానే ఉన్నాయి. ఇంపోర్ట్ చేసుకుంటూ ఆ సాఫ్ట్‌వేర్ ప్రతి చిన్నక్షరాన్నీ పెద్దది చేసేసింది. పదకొండో పాట వాయించి ఉంటే అక్కడే బయటపడేది.

మూడో రోజు సార్ దగ్గరికి వెళ్ళాను. అరుగు మీద ఒక్కరే కూర్చున్నారు. "సార్, నేను పది పాటలే వాయించిన. అన్ని చూసిన అని అబద్ధం చెప్పిన" అన్నాను. తిడతారేమోనని ఎదురుచూశాను, తిడితే బాగుండుననుకున్నాను.

"ఆమె జిందగీల నన్ను అడిగింది గదొక్కటే" అన్నారు చివరికి. "మొత్తం ఏడ్చినంకనే గా ఆఖరి మాట మీద జర వెలుగొస్తది. గందుకే కట్టిన. గది ఆమెకు ఇయ్యలేకపోతి."

"నాది తప్పు సార్."

"తప్పే" అన్నారు. ఫరవాలేదు అనలేదు. ఆయన బతికినన్నాళ్ళూ ఆ మాట ఆయన నోట వినలేదు నేను.

లోపలికి వెళ్ళి ఒక ఎర్ర పెన్ను తెచ్చి నా చేతిలో పెట్టారు. రెండు వందల పుస్తకాలు గోడ వారన పేర్చి ఉన్నాయి. వాటన్నిటినీ చేత్తో దిద్దడం మొదలుపెట్టాం. తప్పు పడ్డ పెద్దక్షరాన్ని కొట్టేసి పక్కన చిన్నక్షరం రాయడం. సెంటర్లో పని అయ్యాక రోజూ సాయంత్రం వెళ్ళి ఆయన ఎదురుగా కూర్చునేదాన్ని. మజ్జిగ ఇచ్చే మనిషి లేదు. సార్ ఒక్కొక్క పుస్తకమే దిద్ది నా వైపు జరిపేవారు. తెరిచి చూస్తే అన్ని పాటలూ దిద్ది ఉండేవి, ఒక్క టీచరమ్మ పాట తప్ప. మొదటి రోజు మరిచిపోయారేమో అనుకున్నాను.

"గది నువ్వు దిద్దు" అన్నారు తల ఎత్తకుండానే.

రెండు వందల సార్లు ఆ పాట దిద్దాను. చివరి మాట మీది పెద్దక్షరం ఒక్కటే కొట్టేయకుండా వదిలాను.

సార్ ఆ తర్వాత రెండేళ్ళు బతికారు. ఆయనను తీసుకుపోయే రోజు కీబోర్డ్ దగ్గర నేనే కూర్చున్నాను. ముందున్న పుస్తకంలో నా చేతిరాతే. ఆ పాట మొదటి నుంచీ మబ్బు పట్టినట్టే నడిచింది, చివరి మాట మీద వెలుగు వచ్చింది. జనంలో ఎవరో వెక్కిపడ్డారు. అంతా సరిగ్గానే జరిగింది. కానీ అది ఆయన అడిగిన పాట కాదు, ఆమె అడిగిన పాట.

ఇప్పుడు జిల్లాలో ఎవరు పాటల పుస్తకం వేసినా ఫైళ్ళు చూడమని నాకే పంపుతారు. తెర మీద చూసి ఊరుకోను. ప్రతి పాటా కీబోర్డ్ మీద వాయిస్తాను. నాకంటే వేగంగా చేసే వాళ్ళున్నారు, చేయనీ.

సాయంత్రం డేవిడ్ ఫోన్ చేశాడు. "అక్కా, ప్రెస్సోళ్ళు అడుగుతున్నరు. అన్ని వాయించి చూసినవా?"

పక్కనున్న కాగితం చూసుకున్నాను. వాళ్ళు తమ పుస్తకంలో చేర్చుకున్న టీచరమ్మ పాటతో కలిపి ఇంకా పదకొండు పాటలున్నాయి.

"లేదు తమ్మీ" అన్నాను. "ఇంకా చూడలే."