ఎవరూ అడగకముందే

ఏళ్ల తరబడి ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. ఇవాళ మీకు చెప్పేస్తాను. జాలి మాత్రం పడకండి. నా మీద నాకే ఒళ్లు మండిపోతోంది.

నేను వరంగల్‌లో ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాను. నియంతలు ఏలే ఊహా రాజ్యాల కథలంటే పిచ్చి. జనం నోళ్లు ఎలా మూయిస్తారో సభల్లో గంటల తరబడి మాట్లాడతాను. చప్పట్లు కొడతారు. శాలువా కప్పుతారు. థూ, ఏం బతుకిది?

నసీమా నా స్టూడెంటు. కాశిబుగ్గలో జంపఖానాలు నేసే ఇంటి పిల్ల. కాలేజీ మ్యాగజైన్‌కి ఒక కథ రాసింది. అందులో, ప్రతి వాడలోనూ తన మనిషి ఒకడున్నాడని సర్కారు చాటింపు వేయిస్తుంది. ఎవరో చెప్పదు. అంతే, మగ్గాల దగ్గర మాటలు ఆగిపోతాయి. అన్న తమ్ముణ్ని అనుమానిస్తాడు. నిజానికి సర్కారు ఎవర్నీ పెట్టనే లేదు! అంత మంచి కథ నా క్లాసులో ఇంకెవరూ రాయలేదు. మ్యాగజైన్ బాధ్యత నాదే. నేనే ఎంపిక చేశాను, నేనే ప్రూఫులు దిద్దాను.

ఇంతలో ఆవిష్కరణకు మంత్రి వస్తున్నాడని తెలిసింది. నాకు భయం పట్టుకుంది. ఎవరైనా బెదిరించారా? లేదు. కనీసం అడిగారా? అదీ లేదు. నా అంతట నేనే వెళ్లి, ఆ పేజీలు ప్రిన్సిపాల్ ముందు పెట్టి, తర్వాత మన మీదికి మాట రాకూడదని అన్నాను. ఆయన చదివి మొహం చిట్లించాడు. "నాకెందుకు చూపెట్టినవయ్యా? చూడకుంటే అచ్చయిపోతుండె. ఇప్పుడు చూసినంక ఊకుంటే నా మీదికొస్తది."

కథ తీసేశారు. నసీమా వాళ్ల నాన్నను పిలిపించి, మా లెక్చరర్లందరి ముందు చేతులు కట్టుకుని నిలబడేలా చేసి, ఆ పిల్లతో క్షమాపణ చెప్పించారు. ఏం తప్పు చేసిందని? అడగడానికి నాకు నోరు లేదా? ఉంది. సభల్లో వాగే నోరే.

స్టాఫ్‌రూమ్ బయట నసీమా నన్ను ఆపింది.

"సార్, కథ మీకు, స్వాతికి తప్ప ఎవ్వరికీ చూపెట్టలే. ప్రిన్సిపాల్ సార్‌కు ఎట్ల తెల్సింది?"

స్వాతి ఆమె ప్రాణస్నేహితురాలు. ఒకే వాడ, ఒకే బెంచీ.

"నాకేం తెలుసమ్మా," అన్నాను.

"అయితే స్వాతేనా సార్?"

నేను ఉలకలేదు, పలకలేదు.

"మిమ్మల్ని అనుమానిస్తే నా కళ్లు పోతయి సార్," అంది.

ఆ తర్వాత నసీమా కాలేజీకి రాలేదు. చదువు ఆగిపోయింది. స్వాతితో మాట కూడా ఆగిపోయింది.

భయపడ్డాను, ఎవరు భయపడరు అని ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నానో. ప్రిన్సిపాల్ గదిలోకి నడిపించింది భయమే, సరే. స్టాఫ్‌రూమ్ బయట, నన్ను దేవుడిలా నమ్మిన పిల్ల ముందు అలా నిలబెట్టింది కూడా భయమేనా? కాదు. అది నీచత్వం. నా మంచి పేరు నాకు ముఖ్యం, ఆ పిల్లల స్నేహం ఏమైపోతే నాకేం! సర్కార్లను తిట్టడం ఎంత సులువో. నాలాంటివాళ్లుంటే ఏ నియంతకైనా పోలీసులెందుకండీ?

మొన్న స్వాతి బస్టాండులో కనిపించింది. నసీమా తనతో ఎందుకు మాట్లాడడం లేదో ఇన్నేళ్లయినా అర్థం కాలేదట, నాకేమైనా తెలుసా అని అడిగింది. తెలియదన్నాను. మళ్లీ!

కింద నా పేరు రాసే ధైర్యం ఇవాళ్టికీ లేదు. క్షమించమని అడిగే మొహమూ లేదు. ఇదొక్కటి రాస్తాను. స్వాతి చూపించలేదు, నసీమా. చూపించింది నేను.