గౌరి ఊ కొట్టిన కథ

మా చిన్నప్పుడు... పొద్దు వాలేసరికి అయ్య చెరుకు తోట నుంచి ఇంటికొచ్చేవాడు. ఆయన కాళ్ళన్నా కడుక్కోకముందే మా చెల్లి గౌరి పంచె కొంగు పట్టుకునేది. "కథ!"

రివియేర్ దు రాంపార్ వైపు ఒక ఎస్టేటు కూలీల లైన్లలో, చెరుకాకు కప్పిన ఒంటిగది మాది. మా తాత చెరుకు పనికని ఓడెక్కి ఈ దీవికి వచ్చినవాడు. అయ్య ఇక్కడే పుట్టాడు. ఆయనకు అక్షరం ముక్క రాదు కానీ కథ మొదలెడితే పొయ్యి మీద అన్నం మాడిన వాసన కూడా ఎవరికీ తెలిసేది కాదు. అమ్మ తిట్టేది... తిడుతూనే వినేది.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. కథ వినేవాళ్ళు ఊ కొట్టాలి. ఊ ఆగితే కథ ఆగిపోతుంది. నాకు చిన్నప్పటి నుంచీ ఓపిక తక్కువ, నాలుగు ఊలకే విసుగొచ్చి అమ్మ పక్కన కూర్చుని బ్రెద్ తుంచేదాన్ని. ఆకుకూరని ఇక్కడ అందరూ అలాగే అంటారు. గౌరి మాత్రం కళ్ళింత చేసుకుని ఊ కొడుతూనే ఉండేది.

ఆ ఏడు నడిచిన కథ ఒక మేకపిల్లది. చెరుకు తోటలో తల్లి నుంచి తప్పిపోయింది. చెరుకు ఎత్తుగా పెరిగింది, ఆకాశం కూడా కనబడదు. అంతే కథ! రాజూ లేడు, రాక్షసుడూ లేడు. అయినా రోజుల తరబడి సాగింది.

ఒకసారి మేకపిల్ల ముందుకాలు ఎత్తిన దగ్గర గౌరి నిద్రపోయింది. పొద్దున్నే లేచి, వేపపుల్ల నోట్లో పెట్టుకున్న అయ్య దగ్గరికి పరుగెత్తింది.

"అయ్యా, దాని కాలు నొప్పెడతాది... దించీ!"

నేను పగలబడి నవ్వాను. అయ్య నవ్వలేదు. పుల్ల తీసి, ఉమ్మేసి, "మేకపిల్ల కాలు దించింది సిట్టీ" అన్నాడు. "ఊ" అని గౌరి నిశ్చింతగా వెళ్ళిపోయింది.

దాని ప్రశ్నలన్నీ అంతే. "నిద్రోతే నేనెక్కడికెల్తాను అయ్యా?"

"ఎక్కడికెల్తావు? సాప మీదే ఉంటావు."

"మరి నాకెందుకు తెల్దు?"

అయ్య చాలాసేపు తల గోక్కున్నాడు. "నాకూ తెల్దే సిట్టీ" అన్నాడు చివరికి. తెలియదని పిల్లలతో ఒప్పుకున్న పెద్దవాణ్ణి మా లైన్లలో నేను ఆయన్నొక్కణ్ణే చూశాను.

ఆ వానల్లో గౌరికి చలిజ్వరం వచ్చింది. మా వైపు అది రాని ఇల్లు లేదు, వచ్చి పోతుందిలే అనుకున్నాం. పోలేదు. చేదు మందు మింగిస్తే కక్కేసింది. ఒళ్ళు పెనంలా కాలిపోయేది.

అయ్య పనికి వెళ్ళడం మానేశాడు. కూలీల మీద పెత్తనం చేసే సర్దారు వాకిట్లో నిలబడి "ఆలే! ఆలే!" అని కేకలేశాడు. పదమని. అయ్య తలైనా తిప్పలేదు. పిల్ల చెయ్యి పట్టుకుని కథ చెబుతూనే ఉన్నాడు. దాన్ని మాతో ఉంచడానికి ఆ ఊ తప్ప ఆయన చేతిలో ఇంకేమీ లేదు. గౌరి కళ్ళు మూసుకునే "ఊ" అనేది. ఆ ఒక్క ఊ వినబడితే అమ్మకూ నాకూ ఊపిరి వచ్చేది.

ఒక మధ్యాహ్నం కథలో మేకపిల్లకు తల్లి మెడలో గంట వినబడింది. మధ్యలో నీళ్ళ కాలువ ఉంది.

"దూకాలా వద్దా అని ఒడ్డు మీద నిలబడిపోనాది..." అన్నాడు అయ్య.

ఊ రాలేదు.

మళ్ళీ అదే మాట చెప్పాడు. మళ్ళీ... మళ్ళీ... గొంతు పెంచి చెప్పాడు, బతిమాలుతూ చెప్పాడు. "సాల్లేవయ్యా... ఇంక సాల్లే" అని అమ్మ ఆయన భుజం పట్టుకుని ఏడ్చింది.

అప్పుడు నా వైపు తిరిగాడు. "నువ్వనమ్మీ... నువ్వు ఊ అను!"

అన్నాను. ఏడుపు దిగమింగుకుని ఎంత గట్టిగా అనగలనో అంత గట్టిగా అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"అది కాదు..." అన్నాడు.

ఆ మాటకి నాకు కోపం రాలేదు. ఇన్నేళ్ళయినా గుండెలో మాత్రం ఉండిపోయింది.

కొన్ని నెలలకు, బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఏరుతూ అమ్మ ఉన్నట్టుండి అంది. "ఆ మేకపిల్లని తల్లి కాడికి సేర్చీవయ్యా... నాను సూడనేను." ఎదురుగా మేక ఒకటి నిలబడి ఉన్నట్టే అంది.

అయ్య మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు. "ఆ కత నా కాడ నేదే... సిట్టి ఊ అన్న తీరుని బట్టి నా నోటికొచ్చీది. బయపడితే ఓలాగ, నవ్వితే ఓలాగ. ఇప్పుడెక్కడ తెమ్మంతావు?"

కథ చెప్పేవాడి తలలో ఉంటుందని అంతవరకూ అనుకునేదాన్ని. సగం చెల్లి దగ్గరే ఉందని, ఆ సగం దానితోపాటే పోయిందని ఆరోజు తెలిసింది. ఆ తరువాత అయ్య ఇరవై ఏళ్ళు బతికాడు. ఇంకొక్క కథ చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఇప్పుడు మా మనవలు ఈ దీవి భాషైన క్రియోల్‌లోనే నవ్వుతారు, క్రియోల్‌లోనే కలలు కంటారు. సాయంత్రమైతే రేడియో చుట్టూ చేరతారు. మంచి కథలే వస్తాయి, కాదనను. కానీ వాళ్ళు నిద్రపోయినా అది చెప్పుకుంటూనే పోతుంది... దానికి ఎవరి ఊతోనూ పనిలేదు.

మీ ఇంట్లో సగంలో ఆగిపోయిన కథ ఏదైనా ఉంటే, గుర్తున్నంత వరకే చెప్పండి... నేను ఊ కొడతాను.