బంకర్ గుమ్మం దగ్గర చెప్పులు

ఈ రోజు మలేసియాలోని సుంగై సిపుట్ నుంచి వచ్చిన మా పెద్దమ్మను ఆర్ట్ మ్యూజియానికి తీసుకెళ్ళాను. రెండో ప్రపంచ యుద్ధకాలంలో జపాన్ సైన్యం కూలీలతో తవ్వించిన బంకర్‌నే మ్యూజియంగా మార్చారు. గుమ్మం దగ్గరే పెద్దమ్మ చెప్పులు విప్పేసింది.

"ఇది గుడి కాదు పెద్దమ్మా, వేసుకో."

"ఇలాటివి తవ్వడానికే మా తాతని రబ్బరు ఎస్టేటు నుంచి జపానోళ్ళు ఒట్టుకుపోయినారు. మల్లీ రాలేదు. నువ్వేసుకో లా, నానేసుకోను."

నేను వేసుకునే వెళ్ళాను. ఆవిడ ఒక్క బొమ్మా చూడలేదు, గోడలు తడుముతూ నడిచింది.

బయటికొచ్చేసరికి ఆవిడ చెప్పుల పక్కన ఎవరెవరివో బూట్లు, స్లిప్పర్లు బారులు తీరి ఉన్నాయి. ఇక్కడ విప్పాలి కాబోలు అనుకున్నారు పాపం. గార్డు తల పట్టుకున్నాడు.

కారణం తెలియని వాళ్ళంతా విప్పేశారు. తెలిసిన నేనొక్కణ్ణే బూట్లతో తిరిగాను. మీరైతే విప్పేవారా? నిజం చెప్పండి.